దగ్గు ఆదివారం

మా ఆయనకు దగ్గు లేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇప్పుడు ఊళ్లో ఎవరిని కదిపినా ఆయన్ని "దగ్గాయన" అనే అంటున్నారు. బస్సెక్కితే జనం పక్కకు జరిగి సీటిస్తారు. మందుల షాపువాడు ఏం కావాలని అడగకుండానే సిరప్ సీసా తీసి చేతిలో పెడతాడు. ఆయన ఊపిరితిత్తులు నిక్షేపంలా ఉన్నాయి. ఏళ్ల తరబడి శాక్సఫోన్ ఊదుతున్న మనిషికి ఎలా పాడవుతాయండీ? పాడైనవి పళ్లు. ఆ సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఆయన పగలు కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. నేను సోఫాలకు కవర్లు కుట్టేచోట పనిచేస్తాను. సాయంత్రం ఆయన ఊదుతాడు, నేను డ్రమ్స్ వాయిస్తాను. నవ్వితే నవ్వండి, నాకేం. మా అత్తగారు కూడా మొదట్లో నవ్వింది, తర్వాత చెవుల్లో దూది పెట్టుకుంది. మాతోపాటు బేస్ అనే నిలువెత్తు తీగల వాయిద్యం పట్టుకుని నిలబడే ప్లంబరన్న ఒకడు. అతను నోరు తెరిచి మాట్లాడితే ఆ రోజు వాన పడుతుందని మాలో మాకు వేళాకోళం. మేం ముగ్గురమూ కలిసి వాయించేది జాజ్.

మేం వాయించే చోటు తివాచీల దుకాణం కింద గోదాము. చుట్టలు చుట్టిన తివాచీలు గోడల పొడవునా నిలబెట్టి ఉంటాయి కాబట్టి మోత బయటికి పోదు. ఆదివారం దుకాణం మూసేస్తారు గనక షావుకారు ఆ సాయంత్రం మాకు వదిలేశాడు. గుమ్మానికి "క్లబ్ నైట్" అని అట్ట తగిలించాం. నైట్ అని పేరేగానీ, పై అంతస్తులో షావుకారుగారి తల్లి పెందలాడే పడుకుంటుందని మా నైటు పొద్దుండగానే మొదలై అన్నాల వేళకు ముగిసిపోయేది. వినేవాళ్లు ఎవరయ్యా అంటే ప్లంబరన్న భార్య, ఆవిడ అల్లిక సంచి, వాన వస్తే తలదాచుకోవడానికి మెట్లు దిగిన ఒకరిద్దరు. షావుకారు కూడా మెట్ల మీద కూర్చునేవాడు. అది వినడానికి కాదు, తివాచీల మీద ఎవరైనా టీ ఒలకబోస్తారేమోనని కాపలా.

ఇప్పుడు దగ్గు సంగతి చెప్పాలి. డ్రమ్స్ ఎప్పుడూ వెనకుంటాయి. నేను చూసేది మా ఆయన వీపు. పెళ్లైన కొత్తలో, ఆయన ఒంటరిగా ఊదే ఘట్టం ఎప్పుడొస్తుందో నాకు తెలిసేది కాదు. ఆయన అందుకునేసరికి నేనింకా ఢమఢమలాడుతూ ఉండేదాన్ని, ఇంటికొచ్చాక గొడవ. ఆయనేమో నోట్లో నాలుక లేని మనిషి, జనం ముందు వెనక్కి తిరిగి సైగ చెయ్యడానికి కూడా సిగ్గు. చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. ఊదబోయే ముందు ఆయన పొడిగా ఒక్కసారి దగ్గుతాడు: "ఖహ్." అది వినగానే నేను డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి తాళం మీద ఒక్క దెబ్బ వేసి, కర్రలు పక్కన పెట్టి, తీగల కుంచెలు అందుకుని చప్పుడు తగ్గించేస్తాను. దారి వదిలేస్తానన్నమాట. ఏళ్లు గడిచేసరికి అది నా చేతుల్లోకి ఇంకిపోయింది. సినిమా హాల్లో ఎవరైనా దగ్గినా నా చేతిలో పల్లీల పొట్లం కింద పడుతుంది.

ఇంకో సంగతి. ఆయన దగ్గర ఒక పాట ఉంది. పాటంటే మాటల్లేని పాటే, శాక్సఫోన్ కోసం ఆయనే కట్టుకున్నది. అద్దాలు అరగదీస్తూ ఏళ్లకేళ్లు మనసులో కట్టుకున్నాడు. ఇంట్లో గోడ వైపు తిరిగి ముక్కలు ముక్కలుగా వినిపించేవాడుగానీ, గోదాములో ఎప్పుడూ పూర్తిగా వాయించలేదు. "వాయించొచ్చుగా?" అంటే, "ఎవరికే? అల్లిక సంచికా? జనం వచ్చిన రోజున వాయిస్తాను" అనేవాడు. ఆ ఒక్క విషయంలో ఆయనకు ఎక్కడలేని పౌరుషం.

జనాన్ని తెచ్చినవాడు నా తమ్ముడు.

వాడు కొరియర్ ఆఫీసులో పొట్లాలు మోస్తూ, మిగిలిన వేళల్లో ర్యాప్ పాడుతుంటాడు. వాడి తోటివాళ్లు పెట్టిన పేరు ఉరుము. ఇంట్లో మాత్రం ఒరేయ్ అంటేనే పలుకుతాడు. ఒక ఆదివారం గోదాముకొచ్చి, ఖాళీ కుర్చీలన్నీ కలయజూసి, "అక్కా, మీరు వాయిస్తుంటే మధ్యలో నేను మాటలందుకుంటాను. జాజూ హిప్ హాపూ కలిస్తే కొత్తగా ఉంటుంది. మా వాళ్లందరూ వస్తారు" అన్నాడు.

"నీ మాటలకు మా వాయింపెందుకురా? పొట్లాల మీద దరువేసుకో" అన్నాడు మా ఆయన.

"పొట్లాలైనా ఎవరో ఒకరికి చేరతాయి బావా. నీ పాట ఎవరికి చేరుతోంది?"

బావాబావమరుదుల సరసం కదా, నేను కల్పించుకోలేదు. కానీ ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. "సరే, ఒక్కసారి చూద్దాం" అన్నాడు.

ఉన్నమాట చెప్పాలి, బాగుంది. వాడు ఉద్యోగం గురించి, ఇంటద్దె గురించి, లిఫ్టు లేని భవనాల గురించి దడదడా మాటలు దొర్లిస్తుంటే, ఆయన ఆ సందుల్లోకి శాక్సఫోన్‌తో జవాబులు చెప్పాడు. నా చేతులకు రెక్కలొచ్చాయి. ప్లంబరన్న నవ్వాడు, నిజంగా నవ్వాడు. తర్వాతి వారం కుర్చీలు నిండాయి. ఆ తర్వాత కుర్చీలు తీసేసి నిలబెట్టాం. షావుకారు కాపలా మానేసి చుట్టచుట్టిన తివాచీ మీదెక్కి తనూ తలూపడం మొదలుపెట్టాడు. "ఇంకొన్ని వారాలు. చెవులు కుదిరాక నా పాట వాయిస్తాను" అన్నాడు మా ఆయన ఇంటికి నడుస్తూ. ఆయన అంత హుషారుగా నడవడం నేను చూడలేదు.

ఇంతలో మా తమ్ముడు ఒక పెట్టె కొన్నాడు. లూప్ పెట్టె. వాయించినదాంట్లో ఒక ముక్క పట్టుకుని గానుగెద్దులా తిప్పిందే తిప్పుతూ ఉంటుంది. ఒక ఆదివారం కళ్లద్దాల దుకాణంలో పని తెమలక మా ఆయన రావడం ఆలస్యమైంది. జనం ఆగడంలేదు. "కిందటి వారం బావ వాయించింది పెట్టెలో ఉంది" అని వాడు మీట నొక్కాడు. వాడికి తెలిసి చేశాడో తెలియక చేశాడో, ముక్క కోయడంలో పొరపాటు జరిగింది. పాట మొదలవడానికి ముందే కోసేశాడు. అందులో ఉన్నదల్లా ఆ పొడి దగ్గు, నా తాళం దెబ్బ, ఆపైన నిశ్శబ్దం. ఖహ్, ఛన్, ఏమీ లేదు. మళ్లీ ఖహ్, ఛన్, ఏమీ లేదు.

ఆపరా వెధవా అని నేను అరిచేలోపు ముందు వరసలో ఒకమ్మాయి "ఖహ్" అంది. పక్కవాడు "ఖహ్" అన్నాడు. ఇంకేముంది, గోదామంతా లయకు తగ్గట్టు దగ్గడం మొదలుపెట్టింది. ఆ గోల కప్పేద్దామని నేను దరువందుకున్నాను గానీ, వాళ్లు దగ్గినప్పుడల్లా నా చేతులు, నా మాట వినకుండా, తాళం కొట్టి ఆగిపోతున్నాయి. జనానికి పిచ్చెక్కింది. మేం దగ్గితే బ్యాండు ఆగుతోంది చూశారా అని కేరింతలు. ఎవరో ఫోన్లో తీసి లోకం మీదికి వదిలారు. తెల్లారేసరికి అది ఊరంతా తిరిగింది.

తర్వాతి ఆదివారం మెట్ల మీద నుంచి వీధి మలుపు దాకా జనం. గుమ్మానికున్న అట్ట తీసేసి మా తమ్ముడు "దగ్గు ఆదివారం" అని కొత్తది కట్టాడు. పత్రికల్లో రాశారు. "ఇది నగరపు ఊపిరాడనితనం మీద తిరుగుబాటు" అని ఒకాయన. "కాదు, శరీరం సంగీతాన్ని తిరిగి చేజిక్కించుకోవడం" అని ఇంకొకాయన. దగ్గు గొంతులోంచి రావాలా ఛాతీలోంచి రావాలా అని ఇద్దరూ వారాల తరబడి తిట్టుకున్నారు. పిల్లలకు సెలవుల్లో దగ్గు నేర్పించే తరగతులు పెట్టారు. జలుబు చేసినవాళ్లకు కొత్తగా మర్యాద పెరిగింది. నిజంగా దగ్గొచ్చే ముసలాయన ఒకడు పాపం దారినపోతూ గోదాములోకి దిగితే, ఆయన్ని భుజాల మీదెత్తుకుని ఊరేగించారు.

మా ఆయన మొదట నవ్వాడు. "దగ్గితే దగ్గారులే, జనమైతే వచ్చారుగా" అన్నాడు. సరే ఇదే సమయమని తన పాట అందుకున్నాడు. "ఖహ్" అన్నాడో లేదో, గోదాము పైకప్పు లేచిపోయేలా కేకలు. అవి సద్దుమణిగాక మొదలుపెట్టాడు. గుక్కెడు ఊదాడు. ఎవరో "ఖహ్" అన్నారు. నా చెయ్యి ఆగిపోయింది. కాళ్ల కింద మెట్టు లాగేసినట్టు ఆయన తడబడ్డాడు. మళ్లీ అందుకున్నాడు. "ఖహ్." మళ్లీ ఆగాను. అలా ఆ పాట గుమ్మం దాటకుండానే చచ్చిపోయింది. జనం మాత్రం ఈలలు వేశారు.

ఆ రాత్రి ఆయన శాక్సఫోన్ తుడిచి మూలన పెట్టేశాడు. తిట్టినా బాగుండేది. "నా చేతులు నా మాట వినట్లేదండీ" అన్నాను. "తెలుసులేవే. నేను నేర్పిందేగా" అన్నాడు. నాకు నా చేతుల మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు.

మానుకుందామని చూశాను. మా కుట్టుచోట స్పాంజి కోస్తుంటే దూగరకు అందరూ దగ్గుతారు. అక్కడ అలవాటు చేసుకుందామని, ఎవరు దగ్గినా కత్తెర ఆపకూడదని ఒట్టు పెట్టుకున్నాను. పక్కావిడ దగ్గడం, నా కత్తెర ఆగడం. యజమాని వచ్చి "ఏంటమ్మా, ఒక సోఫాకు వారం పట్టేలా ఉంది" అన్నాడు. ఆపకుండా కోద్దామని పంతం పట్టిన రోజున ఒక మంచి పూల గుడ్డ అడ్డంగా కోసిపారేశాను. తుమ్మితే ఊడే ముక్కు ఎన్నాళ్లుంటుందంటారుగానీ, దగ్గితే ఆగే చెయ్యి ఎంత కొట్టుకున్నా పోదని నాకు అప్పుడు తెలిసింది.

ఇదిలా ఉండగా దగ్గుబిళ్లల కంపెనీ దిగింది. నవ్వకండి, నిజంగానే. కంపెనీ తరఫున ఒక మేడమ్ వచ్చింది. మంచి మనిషే, నవ్వుతూ మాట్లాడుతుంది. గోదాము చాలదు, పెద్ద హాలు మాట్లాడతామంది. ప్రతి ప్రేక్షకుడికీ ఒక సంచీ, అందులో బిళ్లల పొట్లం.

"మీ బిళ్లలు దగ్గు తగ్గించడానికి కదమ్మా? ఇక్కడ అందరూ దగ్గడానికి వస్తున్నారు" అన్నాను.

"అదే మేడమ్ మా ఆలోచన! ముందు దగ్గును అందరూ ప్రేమించాలి. ప్రేమించినదాన్నే కదా జాగ్రత్తగా చూసుకుంటారు?" అని, మా ఆయన వైపు తిరిగి, "సార్, ఒక్కో ప్రోగ్రాములో ఎన్నిసార్లు దగ్గుతారు?" అనడిగింది.

"దగ్గను. వాయిస్తాను" అన్నాడాయన.

"వాయించండి సార్, ఎవరొద్దన్నారు? దగ్గుకీ దగ్గుకీ మధ్య మీ ఇష్టం."

ఆమె వెళ్లాక మా తమ్ముడు బతిమాలాడు. "బావా, దగ్గు వల్లేగా జనం వచ్చింది. ఇప్పుడు కాదంటే అందరం మళ్లీ అల్లిక సంచి ముందుకే పోతాం."

"ఒరేయ్, ఆ దగ్గు నేను తలుపు తట్టడంరా. మీరందరూ తట్టుతూనే ఉన్నారు. లోపలికి ఒక్కడూ రావట్లేదు" అన్నాడు మా ఆయన. ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం అరుదు. తమ్ముడు తల దించుకున్నాడు, కానీ ఒప్పందం మీద సంతకం పెట్టే వచ్చాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నేను వాడికి అన్నం పెట్టాను గానీ కూర వడ్డించలేదు. అంతకు మించి ఏం చెయ్యగలను, తోడబుట్టినవాడు.

సరిగ్గా అప్పుడే ఆయన పై పళ్లు కదలడం మొదలుపెట్టాయి. శాక్సఫోన్ ఊదేవాళ్లు దాని మూతిని పై ముందుపళ్ల మీద ఆనిస్తారు. బరువంతా వాటి మీదే. పళ్ల డాక్టరు అద్దం పెట్టి చూసి, చిగుళ్లు పాడైపోయాయి, ముందువి తీసెయ్యాలి, వాయిదా వేస్తే పక్కవీ పోతాయన్నాడు. కట్టుడుపళ్లు పెట్టుకుని ఊదొచ్చా అనడిగాం. కొందరికి కుదురుతుంది, చాలామందికి కుదరదు, కుదిరినా ఆ పాత స్వరం రాదన్నాడు. మా ఆయన నాలుకతో పై పళ్లు తడిమి చూసుకున్నాడు.

"ఆదివారం అయ్యాక తీయించుకుంటాను" అన్నాడు చివరికి.

బయటికొచ్చాక నాతో అన్నాడు: "ఒక్కసారి మొత్తం వాయించాలే. ఇన్నేళ్లూ దాచుకున్నాను. ఎంత పిచ్చివాణ్ని, అల్లిక సంచికైనా వినిపించుకోవాల్సింది." నడివీధిలో నాకు కళ్లనీళ్లు తిరిగాయి. పక్కనుంచి పోతున్న కుర్రవాడు ఆయన్ని గుర్తుపట్టి "ఖహ్ సార్!" అని నమస్కారం పెట్టాడు. వాడి వంక నేను చూసిన చూపుకు వాడు జన్మలో మళ్లీ దగ్గి ఉండడు.

ఆదివారం వచ్చింది. పెద్ద హాలు, వెలుగులు, మెడ చుట్టూ కంపెనీ వాళ్ల కండువాలు. జనం ముందునుంచే గొంతులు సవరించుకుంటున్నారు. ఇద్దరు పత్రికలవాళ్లూ, గొంతాయనా ఛాతీ ఆయనా, చెరోవైపు కూర్చున్నారు. తమ్ముడు దుమ్ములేపాడు. వాడు పాడినంతసేపూ జనం దగ్గారు, నేను ఆగాను, వాళ్లు కేరింతలు కొట్టారు. ఆయన వంతు వచ్చేసరికి హాలంతా ఒకటే ఖహ్ ఖహ్. ఆయన లేచి శాక్సఫోన్ మెళ్లో వేసుకుని మైకు ముందు నిలబడ్డాడు. ఆ వీపు చూస్తే, భుజాలు రెండూ జారిపోయి ఉన్నాయి.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తమ్ముడి చేతిలో మైకు లాక్కున్నాను.

"అందరి సంచుల్లో బిళ్లలున్నాయిగా? తీయండి" అన్నాను. నవ్వారు. "నవ్వమనలేదు, తీయమన్నాను. నోట్లో వేసుకోండి. కొరకొద్దు, చప్పరించండి. వెనక వరసలో ఆ ఎర్రచొక్కా, నీకు వేరే చెప్పాలా?"

ఇది కూడా ప్రోగ్రాములో భాగమే అనుకున్నారు. కాగితాల గరగర, ఆపైన వందల బుగ్గలు ఉబ్బాయి. బిళ్లల మేడమ్ ఆనందంతో గుండెల మీద చెయ్యి వేసుకుంది. ఆ బిళ్లలు చిన్నవి కావండోయ్, నోరంతా నింపేస్తాయి. చప్పరిస్తూ దగ్గబోతే గొంతులోకి జారుతుంది. హాలు నిశ్శబ్దమైపోయింది. అన్ని నెలల్లో అదే మొదటిసారి.

ప్లంబరన్న బేస్ మీద మెల్లగా అందుకున్నాడు. నేను కర్రలతో వాయిస్తున్నాను. ఆయన ఎప్పుడు మొదలుపెడతాడా అని చూస్తున్నాను. అప్పుడు వెలిగింది నాకు. ఆయన దగ్గితేగానీ నాకు తెలియదు. ఆయన దగ్గితే మాత్రం బిళ్లలూ గిళ్లలూ అన్నీ ఉమ్మేసి ఈ హాలంతా లేచి గంతులేస్తుంది. ఆయనకూ అదే వెలిగినట్టుంది, ఊదకుండా నిలబడిపోయాడు. ప్లంబరన్న ఒక చుట్టు తిరిగి మళ్లీ మొదటికొచ్చాడు. ఇంకో చుట్టు. 

ఆయన వెనక్కి తిరిగాడు.

జనానికి వీపు పెట్టి, నా వైపు తిరిగి నిలబడ్డాడు. అంతటి సిగ్గరి మనిషి. కనుబొమలు పైకెత్తి, ఊఁ అన్నట్టు తలాడించాడు. నేను తాళం మీద ఒక్క దెబ్బ వేసి కుంచెలు అందుకున్నాను.

పాట కింది స్వరంలో మొదలైంది, పక్కగదిలో ఉన్నవాళ్లను నిద్ర చెడకుండా పిలిచినట్టు. ముక్కలుగా విన్నదాన్నే, మొత్తంగా వింటే అది వేరే పాట. ఏ ముక్క ఎందుకుందో అప్పుడు తెలిసింది. పై స్వరానికి ఎక్కేచోట పంటి నొప్పికి ఆయన కళ్లు చిట్లించాడు, అయినా వదల్లేదు. పెదవి పక్కన ఎర్రగా తడి కనిపించింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన వాయిస్తుండగా ముఖం నేను చూడలేదండీ. ఎంత ఇష్టంగా ఉంటుందో ఆ ముఖం! నాకు ఏడుపొచ్చింది, వాయిస్తూనే ఏడ్చాను. సంతోషం పట్టలేకపోయాను. చివరి స్వరం ఊపిరి ఉన్నంతసేపూ పట్టి, మెల్లగా వదిలాడు. పాట పూర్తయింది. ఆయన నన్ను చూసి నవ్వాడు, పళ్ల నిండా నెత్తురు.

కాసేపాగి చప్పట్లు మొదలయ్యాయి, పెద్ద చప్పట్లే. తమ్ముడు మూలన నిలబడి చొక్కా చేతితో ముక్కు తుడుచుకుంటున్నాడు. విన్నారు, చివరికి విన్నారు అనుకున్నాను. రెండు రోజుల తర్వాత ఆయన పళ్లు తీయించుకున్నాడు. నొప్పిలోనూ హాయిగానే ఉన్నాడు.

పళ్లు తీయించుకున్న మర్నాడు తమ్ముడు పరుగెత్తుకుంటూ వచ్చాడు, చేతిలో పత్రికలు. "అక్కా, ఆడేసింది! వీపు ఆడేసింది!"

"ఏం వీపురా?"

గొంతాయన రాశాడు: "ప్రేక్షకులకు వీపు చూపించడం ద్వారా కళాకారుడు చూపుల పెత్తనాన్ని ధిక్కరించాడు." ఛాతీ ఆయన రాశాడు: "దగ్గు ముగిసింది. వీపు మొదలైంది." ఇన్నాళ్లకు ఇద్దరికీ ఒకే అభిప్రాయం కుదిరింది. పాట గురించి ఎక్కడైనా ఒక్క ముక్క ఉందేమోనని రెండు పత్రికలూ తిరగేసి చూశాను. లేదు. చెవిటివాడి ముందు శంఖమూదినట్టు అంటారు. చెవిటివాడికి చెవుల్లేవు పాపం, వీళ్లకేం రోగం?

బిళ్లల మేడమ్ ఫోన్ చేసింది. వాళ్ల కంపెనీకి నడుంనొప్పి తైలం కూడా ఉందట.

"ఆయనకు పళ్లు తీశారమ్మా, ఊదలేడు" అన్నాను.

"పర్వాలేదు మేడమ్. సార్ వచ్చి కూర్చుంటే చాలు. పాట పెట్టెలో ఉందిగా" అంది.

ఒప్పందం ఒప్పందమే కాబట్టి వెళ్లాం. ఆయన బుగ్గ వాచి ఉంది, నోట్లో దూది. శాక్సఫోన్ ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి కుర్చీ నా వైపే వేశారు, ఇప్పుడదే ఫ్యాషన్ కదా. తెర లేచింది. చూస్తే హాలు హాలంతా మాకు వీపు పెట్టి నిలబడి ఉంది. బట్టతలలు, జడలు, భుజం సంచులు, ఒక్క ముఖం లేదు. వచ్చినవాళ్లందరూ మా వైపు చూడకుండా తలుపుల వైపు చూస్తూ ఊగుతున్నారు.

తమ్ముడు మీట నొక్కాడు. ఆయన పాట మొదలైంది. కింది స్వరంలో ఆ పిలుపు వరకూ వచ్చి, తెగి, మళ్లీ మొదటికి పోయింది. వాడు అంతవరకే కోశాడు. "మిగతాది పొడుగవుతుందక్కా, నిలబడలేరు" అన్నాడు నా చెవిలో. పెట్టె ఆ పిలుపునే తిప్పిందే తిప్పుతోంది, జనం వీపులు ఊపుతున్నారు.

మా ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు, ఎవరు చూస్తారని. తర్వాత ఆయన వేళ్లు శాక్సఫోన్ మీటల మీదికి వెళ్లాయి. మూతి పెట్టలేదు, ఊదలేదు. పెట్టె పిలుపు దగ్గరే తిరుగుతుంటే, ఆయన వేళ్లు దాన్ని దాటి ముందుకు పోయాయి, తర్వాతి ముక్కకు, ఆ తర్వాతి ముక్కకు. నాకు తెలుసు ఏది ఎక్కడుందో. పెట్టెను వదిలేసి, ఆ వేళ్లు చూస్తూ, నేను పాట చివరిదాకా వాయించాను.